బడి పాటలో దగ్గు

బోధన్‌లో ఒక ప్రైవేటు బడి. ప్రిన్సిపాల్ పుష్పలత గదిలో రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నా, సంగీతం సారు భూమేష్‌ను ఆవిడ కూర్చోమనలేదు.

“...నవ్విండయ్యా, భూమేష్! నిన్న తనిఖీకొచ్చిన ఆఫీసరు నా మొఖం మీదనే నవ్విండు. ‘పిల్లలందరికీ సర్దయిందా మేడం, డాక్టరుకు చూపెట్టిండ్రా’ అన్నడు. నేనేం చెప్పాలె?”

“తప్పయింది మేడం.”

“తప్పు కాదు, తమాషా. మా ఆయన రాసిన బడి పాట అది. ‘మంజీర నీళ్ళోలె మా మనసు పారాలె’ దాంక మంచిగనే పాడిండ్రు. గంతల క్లాసుకు క్లాసు ఖళ్ళుమని దగ్గుడు. అందరు ఒక్కపారే. దగ్గి, మళ్ళ ఏం కానట్టు పాట అందుకునుడు.”

“తాళం మాత్రం తప్పలే మేడం.”

“ఏంది?”

“ఏం లేదు మేడం.”

“బీడీలు తాగుతవా?”

“తాగ మేడం.”

“గుట్కా?”

“లేదు మేడం.”

“మరి ఈ దగ్గు యాడికెళ్ళి అంటుకుంది? మా ఆయనకు చెప్పిన, ఎడపల్లి భజనల హార్మోనియం వాయించెటోడు ఇంగ్లీషు మీడియం పిల్లలకేం చెప్తడని. ఇన్నడా?”

“సరిగమలు చెప్తున్న మేడం.”

“అబ్బో. సరిగమలల్ల దగ్గు యాడుంటది, ‘ప’ పక్కకా? ఇంక ‘మనసూఊ’ అని మేక లెక్క వణుకుడొకటి. గది ఏం రాగం సారూ?”

“గది నేను నేర్పలే మేడం.”

“దగ్గు?”

“దగ్గు గూడ.”

“మరి నువ్వేం నేర్పినవ్?”

“అవి మాన్పుతున్న మేడం. నా క్లాసుల మంచిగనే మానేస్తరు. తెల్లారి మళ్ళ—”

“తెల్లారేవరకు మళ్ళెట్లొస్తది? ఎవలన్న కలలకొచ్చి నేర్పుతుండ్రా?”

“కలల కాదు మేడం.”

“మరి?”

“పొద్దుగాల... ప్రేయర్ల.”

“ప్రేయర్ల నేనుంట.”

“ఉంటరు మేడం.”

“నా ముంగట ఒక్క పోరడు గొంతు సవరించుకుంటడా?”

“మీరు చెప్పిందే చేస్తరు మేడం.”

“గది. భయమంటె గట్లుండాలె. నీకాడ భయం లేదు, భక్తి లేదు. సూడు భూమేష్, రేపటిసంది రాకు. ఒక స్పీకరు కొంట, పాట రికార్డు చేపిచ్చి పెడ్త. స్పీకరు దగ్గది.”

“మేడం, నా బిడ్డ ఇక్కడ్నే ఒకటో తరగతి. నేను సారునని ఫీజు మాఫ్ చేసిండ్రు. నేను పోతె—”

“ఆ పిల్ల గూడ పోతది. సర్కారు బడి లేదా?”

“ఈ యేడు అయ్యేదాంకన్న ఉండనియ్యుండ్రి మేడం. గిప్పుడిప్పుడే అక్షరాలు కలుపుతుంది.”

“ఉండాల్నంటె పేరు చెప్పు. దగ్గు నేర్పిందెవలు? వాళ్ళను బయటికి గెంటుత, నువ్వుండు.”

“నాకు తెల్వది మేడం.”

“తెల్వదా, చెప్పవా?”

“తెల్వది మేడం.”

“గింత బేకార్ మనిషివి, నీకు మల్ల ఒగల్ని కాపాడే షోకొకటి. నువ్వు చెప్పకుంటె పిల్లలు చెప్తరు. ఏయ్ రోజా, వరండల ఏం చేస్తున్నవ్? లోపలికి రా. ఈ పిల్ల మూడో తరగతి లీడరు, అబద్ధమాడది. చెప్పు రోజా, నిన్న పాటల ఎందుకు దగ్గిండ్రు?”

“పాటల ఉంది కద మేడం.”

“ఏముంది?”

“దగ్గు.”

“సారు నేర్పిండా?”

“లేదు మేడం. దగ్గొద్దని సారు రోజు చెప్తడు. సారుకు ఆ పాట పూర రాదు మేడం. దగ్గు కాడ ఆగకుంట పాడ్తడు.”

“ఇన్నవా భూమేష్? మూడో తరగతి పిల్లకు సుత తెలుసు నీ విద్య. మరి పాట పూర ఎవలకొస్తది బిడ్డా? ఎవలను చూసి నేర్చుకున్నరు?”

“రోజా, నువ్వు క్లాసుకు పో తల్లీ—”

“నువ్వు నోరు మూస్కో. చెప్పు రోజా, భయపడకు. పేరు చెప్పు సాలు.”

“మిమ్మల్ని చూసే మేడం. ప్రేయర్ల మీరు మైకుల పాట ఎట్లంటె మేం గట్లనే అనాలె, లేకుంటె ఎండల నిలబెడ్తరు కద. నిన్న పొద్దుగాల మీరు రెండుసార్లు దగ్గిండ్రు, మేం ఆఫీసరు ముంగట మర్చిపోయి ఒక్కసారే దగ్గినం. గందుకే కోపమొచ్చిందా మేడం?”