వెనక్కి నడిచిన కాలవ

పొద్దున మా అమ్మాయి టమాటా మడిలో పసుపు పోగులు కనబడ్డాయి. బంగారు తీగ, పంటని పీల్చేసే కలుపు. ఆ మడి మా అమ్మాయి మొదటి పంట. ఉన్నది తీసేయగలం. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకపోతే మళ్ళీ వస్తుంది.

ఎగువ చేను మా అన్నయ్యది. కబురు వినగానే వచ్చి వసారాలో కుర్చీ లాక్కున్నాడు. మోటారు మెకానిక్, పక్కింటి టైలరు చేరారు. ఇక ఆయన్ని ఆపేదెవరు?

"ఇంతోటిదానికి కంగారెందుకే చెల్లాయ్! పోయిన నెల మా చేలోకీ వచ్చింది. ఒక్కటే పోగు. ఆకుండదు, మొక్క దొరికాక నేలలో వేరూ ఉండదు, కాండానికి చుట్టుకుని సూదుల్లాంటి నోళ్ళు గుచ్చి రసం తాగడమే దాని పని. కొందరు చుట్టాలుంటారు చూడు, అచ్చం అలాగే..."

"మీరు కాఫీ తాగండి," అన్నాడు మెకానిక్.

"తాగుతున్నా కదయ్యా! దానికి కళ్ళుండవు, వాసన పట్టి మొక్క దగ్గరికి పాకుతుంది. ఆ పొద్దున నేను రెండు టమాటాలు తిని వెళ్ళానా, అది మొక్కని వదిలేసి నా మూతివైపు తిరిగింది! నేను జంకుతానా? కొస పట్టుకు లాగాను. లాగితే ఏమైందనుకున్నారు? మూర లాగితే బారెడు పెరిగింది. నా సైకిలుకి చుట్టుకుని రెండు టైర్లలో గాలీ తాగేసింది."

"పంక్చరేమో," అన్నాడు టైలరు.

"పంక్చరైతే మరి కరెంటు స్తంభం సంగతేంటి? స్తంభమెక్కి వైరుకి నోరు పెట్టింది చూడు, వీధి వీధంతా ఫ్యాన్లు నీరసించాయి!"

"ఆవేళ ఫ్యూజు పోయిందండీ. వేసింది నేనే," అన్నాడు మెకానిక్.

"నువ్వు పైన ఫ్యూజు వేశావంటే, కింద దాన్ని నేను పట్టుకున్నాను కాబట్టే! తెంపితే ముక్కముక్కా బతుకుతుంది. అందుకని తెంపలేదు, నూలులా ఉండ చుట్టాను. ఉండ తలకాయంతైంది, బిందెంతైంది, ఇదిగో ఈ ఇల్లంతైంది! వడగళ్ళలా విత్తనాలు రాలుతున్నాయి. భుజం ఆనించి ఒక్క తోపు తోశాను, పోయి కాలవలో పడింది. అప్పుడు చూడాలి! కాలవ ఆగిపోయింది. నీళ్ళు వెనక్కి నడిచాయి. చేపలు గట్టెక్కి నాకు దండం పెట్టాయి!"

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి వింటోంది. చేతిలో పసుపు పోగు చుట్టుకున్న టమాటా కొమ్మ.

"వెనక్కి నడిచుంటే బాగుండేది మామయ్యా. ముందుకే వచ్చాయి. మా మడిలోకి."

అన్నయ్య కప్పులోకి చూశాడు.

"అంత పెద్ద ఉండేం కాదులేమ్మా... పిడికెడు."

"కాలవలోనేనా?"

"గట్టు మీదే పెట్టాను... అంటే, కాలవలోనే."

టైలరు పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. పొద్దుట్నించీ రాని ఊపిరి వచ్చింది. అది వచ్చిన దారి తెలిసింది! మెకానిక్ అప్పటికే లేచాడు, మడిలోకి నీళ్ళొచ్చే తూముకి సన్నటి జాలీ బిగిస్తానని. మడిలో తీగ ఇంకా పూతకి రాలేదు, విత్తనం రాలలేదు. చుట్టుకున్న మొక్కలతో సహా కోసి కాల్చేస్తే మిగతా మడి మాదే.

కొడవలి, గోనెసంచి తెచ్చి అన్నయ్య ఒళ్ళో పెట్టాను.

"మళ్ళీ ఉండ చుట్టు అన్నయ్యా. ఈసారి మంటలోకి తోద్దువుగాని."