మూడో పేరు

ఇబ్రహీంపట్నం బస్టాండ్ పక్క హోటల్ల, నా ఎదురు బల్ల కాడ ఒక నడివయసు మనిషి, ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి కూసున్నరు. ఇద్దరి చాయ్ చల్లారుతున్నది.

"ఇంటి నుంచి పనిచేసేటోళ్ల లిస్టుల మూడో పేరు నాది. తీసెయ్. ఇయ్యాల కంపెనీల నాకు ఆఖరి రోజు గదా."

"తీసిన అన్న."

"ఇగ ప్రోగ్రాం రన్ చెయ్."

"ఆగు. ఏమేం మారుతదో చూడకుంట రన్ చెయ్యొద్దని నువ్వే నేర్పినవ్."

"చూడు మరి."

"నీ ఒక్కనిదే పోతలేదు. లిస్టుల నీ కింద ఉన్న ముప్పై ఆరు మంది నెట్‌వర్క్ అడ్రస్‌లు మారుతున్నయ్."

"అదెట్ల?"

"అడ్రస్‌లు పంచే టెంప్లేట్‌ల ఉన్న ఫిల్టర్ పెద్ద నెట్‌వర్క్‌ను ముక్కలు చేసి, లిస్టుల నంబరును బట్టి ఒక్కొక్క ఇంటికి ఒక సబ్‌నెట్, అంటే ఒక ముక్క, లెక్కగట్టి ఇస్తది. నువ్వు పోతే నాలుగో ఆమె మూడో నంబరైతది. కిందోళ్లందరు ఒక్కొక్క జాగ పైకి జరుగుతరు. వాళ్ల ఇండ్లల్ల డబ్బలేమో పాత అడ్రస్‌తోనే ఉంటయ్, రేపు పొద్దుగాల వాళ్లల్ల ఒక్కరికి గూడ లైన్ కలవది."

"గట్ల రాసిన బుద్ధిలేనోడు ఎవడు?"

"నువ్వే. ఆరేండ్ల కింద."

"అవ్. అప్పుడు నలుగురమే ఉంటిమి. ఎవరన్న పోతరని అనుకోలే."

"పేరు మళ్ల పెట్టిన. ఇప్పుడేం మారుతలేదు."

"నా లాగిన్ బంద్ చెయ్, చాలు. నా జాగల వచ్చేటోని పేరు గాడనే రాయి."

"ఆయన పేరు అందరి కింద రాస్త అన్న."

"ఎందుకు? మూడో జాగ నా పేరుతోని ఉత్తగనే పడి ఉంటది గదా."

"ఉండనీ. చాయ్ తాగు."