కడిగిన చేతులు

కొండాపూర్‌లో కంప్యూటర్ ఆఫీసుల కోసం మేడలు లేస్తున్న రోజులు. కూలీల గుడిసెల పక్కనే రేకుల గదిలో అంగన్‌వాడీ. పిండి ముద్దలు పంచడం అయ్యాక, టీచరు ఒక గర్భిణిని గడప దగ్గర ఆపింది.

“కొంగులో ఏం దాచావు?”

“ఏం లేదు టీచరమ్మా.”

“ముద్ద కదూ? ఇక్కడే తినాలని ఎన్నిసార్లు చెప్పాను? ఏడో నెల నీకు. కళ్లు చూడు, ఎలా పాలిపోయాయో.”

“గుడిసెల కూసోని తింట.”

“తినవు. మీ ఆయనకి పెడతావు.”

“ఆయనకు గాదు. మా పెద్దపిల్లకు.”

“దానికి ఆరేళ్లు నిండాయి కదమ్మా. ఇక మేం పెట్టకూడదు. ఇంట్లో ఏం తింటోంది?”

“అన్నం, పచ్చిపులుసు. పప్పు ఎప్పుడన్న ఒకనాడు.”

“ఆరు దాటితే ఇవ్వరని దానికి నెమ్మదిగా చెప్పు.”

“రోజూ చెప్తున్న. ఇంటలేదు. టీచరమ్మకు నా మీద కోపమొచ్చిందంటది.”

“నాకెందుకమ్మా కోపం?”

“చేతులు కడుక్కోనోళ్లకు ముద్ద పెట్టనని మీరే అంటుంటిరి గద. మంచిగ కడుక్కోలేదనే పెడ్తలేరని అనుకుంటాంది.”

“ఇప్పుడెక్కడుంది?”

“బయట, నల్లా కాడ. పొద్దుగాల సంది కడుగుతనే ఉన్నది.”