చిన్న టచ్ అంతే

ఏంటీ, మళ్లీ ఆ ఫోను నా ముక్కు కిందకి తెచ్చారు? కాస్త దూరంగా పట్టుకోండి, కనబడుతుంది లెండి. ఉండండి, ఈ జాకెట్టు చెయ్యి కుట్టడం అయిపోనివ్వండి. ఆఁ, ఇప్పుడు చూపించండి, ఏం టైపు చేశారో.

"స్టూడెంట్లందరితో టచ్‌లో ఉండు."

అబ్బబ్బా! ఈ టచ్ అన్న మాట కనిపెట్టినవాడెవడో నాకు దొరకాలండీ!

పొద్దున్నుంచీ నేను చేస్తున్నదేంటి మరి? మీ డ్రైవింగ్ స్కూలు పిల్లలూ పెద్దలూ అందరికీ వరసపెట్టి ఫోన్లే కదా! "మా ఆయన గొంతు ఆపరేషన్ బాగా జరిగిందండీ, మాట రాగానే క్లాసులు మొదలెడతారండీ, మీరు ఎదురువీధి స్కూలుకి పోకండి" అని ఒకటే పాట. మీ బ్యాంకు పెద్దాయన ఏమన్నారో తెలుసా? "తప్పకుండా అమ్మా, టచ్‌లో ఉంటాను" అన్నారు. అయిపోయింది! ఇక ఆయన్ని మర్చిపోండి.

కాకపోతే ఏంటండీ? టచ్‌లో ఉంటామన్నవాళ్లు ఎవరైనా మళ్లీ కనబడ్డారా? మీ చెల్లెలు మన గేటు దగ్గర నిలబడి, కళ్లనీళ్లు పెట్టుకుని, "వదినా, మనం టచ్‌లో ఉందాం" అందా లేదా? వెళ్లింది ఎక్కడికి, రెండు వీధుల అవతలికి! మొన్న కూరగాయల కొట్లో నన్ను చూసి ఉల్లిపాయల బస్తా వెనక్కి నక్కింది.

నవ్వకండి! నవ్వితే గొంతు కదులుతుంది. డాక్టరమ్మ ఏం చెప్పింది? మాట వద్దు, గుసగుస అసలే వద్దు, గొంతు సవరించుకోవడం కూడా వద్దు, నేను ఫోన్ చేసి చెప్పేదాకా నోటికి తాళం అంది. ఆ మాట వినగానే మీ మొహం ఎలా పాలిపోయిందో! నా మొహం మాత్రం మీరు చూడలేదు. మంచిదైంది.

ఆ చూపేంటి? ముప్ఫై ఏళ్ల కాపురంలో నేను మొదలెట్టిన వాక్యం నన్ను పూర్తి చెయ్యనిచ్చారా ఎప్పుడైనా? దేవుడు ఇన్నాళ్లకి నా వంక చూశాడు. కాస్త వాడుకోనివ్వండి.

అసలు మీ గొంతు పోయిందే ఈ మాట వల్ల. తెల్లారిందంటే చాలు, "క్లచ్ టచ్ చెయ్యి! టచ్ చెయ్యమంటే తొక్కేస్తావేం! బ్రేకు! బ్రేకు ఊరికే అలా టచ్!" ఆ అరుపులకి మీ స్టూడెంట్లు బ్రేకు వేశారో లేదో గానీ, వీధి చివర పాల వ్యాను మాత్రం ఠక్కున ఆగేది.

మరి ఆ కాలేజీ అమ్మాయి మన గేటుని గుద్దిన రోజు? నేను చేతిలో గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాను. గేటు నేలమీద వెల్లకిలా పడుంది. కారు ముందు లైటు ఊడొచ్చి నా పూలకుండీలో కూర్చుంది. మీరేమో చేతులు దులుపుకుంటూ, "కంగారుపడకోయ్, చిన్న టచ్ అంతే" అన్నారు. అది చిన్న టచ్ అయితే, పెద్ద టచ్‌కి ఇల్లే లేచిపోయేదేమో!

ఆ తర్వాత మెకానిక్ వచ్చి "ఏం లేదు మేడమ్, టచప్ చేస్తే కొత్త బండే" అన్నాడు. చేశాడుగా! బండి ఒక తెలుపు, దాని తలుపు ఇంకో తెలుపు.

నేను గంటసేపు పొయ్యి దగ్గర మాడి చస్తూ కూర వండుతాను. మీరు చివర్లో వచ్చి చిటికెడు ఉప్పు చల్లి, ఫినిషింగ్ టచ్ అంటారు. భోజనానికి వచ్చినవాళ్లతో ఏం చెబుతారు? ఇవాళ కూర నాదేనండీ అని! ఉప్పు ఎక్కువైన రోజున మాత్రం అది నా కూర.

ఇక టీవీ ముందు కూర్చుంటే సరేసరి. అందులో ఎవరో తప్పిపోయిన తల్లి, ఎవరో కూతురు. వాళ్లు కావలించుకోగానే, "అబ్బ, ఎంత టచింగ్‌గా ఉందోయ్" అని తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటారు. పోయిన చలికాలం పక్కగదిలో నేను జ్వరంతో మూలుగుతుంటే, నుదుటి మీద చెయ్యి వేసి చూసిన పాపాన పోయారా? "థర్మామీటరు అలమరలో ఉంది, పెట్టుకో!" అని కూర్చున్న చోటు నుంచే కేక.

కాదండీ, నాకు తెలియక అడుగుతాను. మన భాషలో దేని మాట దానికుంది కదా! గాలి తగులుతుంది. నిప్పు అంటుకుంటుంది. పసిపిల్లల్ని నిమురుతాం, వేడి గిన్నె ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంటాం, అలిగినవాళ్ల గడ్డం పట్టుకుని బతిమాలతాం. ఇన్ని మాటలుండగా, అన్నిటికీ కలిపి ఆ ఒక్క ముక్కేనా? జలుబుకీ కాలు బెణికినదానికీ ఒకే మాత్ర ఇచ్చినట్టు!

ఇంకో సంగతి చెప్పనా? కోపం తెచ్చుకోకూడదు మరి. కోపం వచ్చినా ఏం చేస్తారు లెండి, అరవలేరు కదా!

ఊళ్లో వాళ్లందరి చేతులూ పట్టుకుంటారు మీరు. స్టీరింగు ఇలా పట్టుకోవాలి, అలా తిప్పాలి అంటూ. ఆ బ్యాంకు పెద్దాయన చేతి మీద మీ చెయ్యి క్లాసు అయ్యేదాకా అలాగే ఉంటుంది. వంటింటి కిటికీలోంచి చూస్తుంటాను. ఆయనకి డెబ్భై ఏళ్లు, ఇంతింత మీసాలు. ఆయన మీద నాకు కుళ్లేంటండీ? ఎవరికైనా చెబితే పకపకా నవ్వరూ?

నాకేమో ముందుగదిలోంచి కేక. "ఏమోయ్, మంచినీళ్లు!" "ఏమోయ్, నా కళ్లజోడేదీ?" పెళ్లినాడే నా పేరు తీసేసి ఏమోయ్ అని పెట్టించాల్సింది. పిల్లల స్కూలు కాగితాల్లో కూడా తల్లి పేరు, ఏమోయ్!

అందుకేగా, ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు, మీరు కంచం మీద చెంచాతో టంగుటంగుమని కొడితే నేను పలకలేదు. నేనేం హోటల్లో సర్వర్‌నా? తర్వాత చప్పట్లు కొట్టారు. పలకలేదు. డ్రైవింగ్ నేర్పేటప్పుడు గ్రౌండులో ఊదే ఆ విజిల్ కోసం ఇల్లంతా వెతికారు. దొరకలేదు కదూ? దొరకదు. నేను దాచిన వస్తువు దొరకాలంటే నేనే వెతకాలి.

"ఈ కుట్టుమిషను చప్పుడులో నాకేం వినబడదండీ, కావాలంటే వచ్చి తట్టండి" అన్నాను. వినబడకేం! చెంచా వినబడింది, చప్పట్లూ వినబడ్డాయి. మీరు సోఫాలోంచి లేస్తూ విసుక్కోవడం కూడా వినబడింది.

మొదటిసారి ఎలా తట్టారో గుర్తుందా? ఒక్క వేలితో. ఇస్త్రీపెట్టె కాలిందో లేదో చూస్తారే, అలా! తట్టి, అడుగు వెనక్కి వేసి నిలబడ్డారు. నాకు నవ్వాగలేదు గానీ, గుడ్డ నోట్లో కుక్కుకుని కుట్టాను. మర్నాటికి రెండు వేళ్లయ్యాయి. ఆ మర్నాడు అరచెయ్యి.

నిన్న మధ్యాహ్నం వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఏం కావాలండీ అని తిరిగి చూశాను. ఏం కావాలో మీరే మర్చిపోయారు! కాసేపు తల గోక్కున్నారు. చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆ తర్వాత సూదిలోకి దారం ఎక్కించడానికి నేను ఎంత అవస్థ పడ్డానో! కళ్లు కనబడటం లేదేమోనని మీరు లైటు వేశారు. లైటు సంగతి కాదండీ అది.

ఈ ముప్ఫై ఏళ్లలో మీరు నన్ను ముట్టుకున్నవన్నీ కలిపినా ఈ నాలుగు రోజులంత కావు. పైకి అనేశాను, ఏమనుకుంటారో అనుకోండి. ఈ వయసులో నాకు సిగ్గేంటి? గొంతు వచ్చిందంటే మళ్లీ మీరు ముందుగదిలో, నేను ఇక్కడ, మధ్యన ఆ కేక. అదీ నా బాధ.

మళ్లీ ఏంటి టైపు చేస్తున్నారు? ఇంతసేపా? మంచినీళ్లయితే చేత్తో చూపించొచ్చుగా.

"నిజం చెప్పు. డాక్టరమ్మ ఇన్నాళ్లయినా ఫోన్ చెయ్యలేదంటే, గొంతు ఇక రాదా? నా దగ్గర దాస్తున్నావా?"

అయ్యో, అదేం మాటండీ? ఆ కళ్లనీళ్లేంటి, మీ టీవీ కూడా కట్టేసి ఉంటే? పొద్దున అద్దం ముందు నిలబడి ఊరికే నోరు కదిపారు, అందుకా? నేను పాత పాటేదో మనసులో పాడుకుంటున్నారనుకున్నాను. ఇంత దిగులు మింగుకుని తిరుగుతున్నారా! అరిచి అరిచి బతికిన మనిషి, గొంతు లేకపోతే స్కూలేంటి, బతుకేంటి అనుకోరూ? నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది. నా సరదా నేను చూసుకున్నాను గానీ...

ఇటు చూడండి. దాస్తున్నమాట నిజమే.

కాదు కాదు, కంగారుపడకండి! గొంతు నిక్షేపంగా ఉంది. డాక్టరమ్మ మొన్ననే ఫోన్ చేసింది. మీకు మాట లేదు కాబట్టి నాకే చేసింది. పుండు ఈపాటికి మానిపోయి ఉంటుంది, ఇక మెల్లమెల్లగా మాట్లాడించండి అంది. నేనేమన్నానో తెలుసా? "ఇంకొన్నాళ్లు మాట్లాడకపోతే ప్రమాదమేమైనా ఉందా డాక్టర్‌గారూ?" అని అడిగాను. ఆవిడ, "ప్రమాదమేం లేదమ్మా, ఎందుకూ?" అంది. "అబ్బే, జాగ్రత్త కోసం" అన్నాను. ఆవిడకేదో అర్థమైనట్టే నవ్వింది.

అరవకూడదని మాత్రం గట్టిగా చెప్పింది. ముందుగదిలోంచి వెనకగదిలోకి కేకలు జన్మలో వెయ్యకూడదంది. ఆ రెండోది నేను కలిపాననుకోండి.

ఏంటండీ, మణికట్టు అలా పట్టేశారు? గాజులు చితుకుతాయి! అంత కోపమా? వదలండి. అబ్బ, వదలమంటే... కాదు, వద్దు, వదలకండి.

ఊఁ, తిట్టండి. మాట వచ్చేసిందిగా, మీ ఇష్టం వచ్చినంతసేపు తిట్టండి, నేను మధ్యలో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. ఆ చెయ్యి మాత్రం తియ్యకుండా తిట్టండి.