తలుపు బయట ఉన్నావిడ

హలో… ఆ, నేనే బావా. … నేనే, బుల్లిని. …

ఏడవకు. … ముందు ముక్కు తుడుచుకో, ఒక్క మాటా అర్థం కావట్లేదు.

ఎక్కడికీ పోలేదు. ఎక్కడికి పోతాను నిన్ను వదిలి? …

ఎక్కడున్నానా? చెబితే నమ్మవు. … సరే, అడిగావు కాబట్టి చెబుతున్నా. ఇంట్లోనే ఉన్నాను. నీ గది తలుపుకి ఇవతల, నేలమీద, గోడకి ఆనుకుని కూర్చున్నాను. …

అదిగో. చెప్పానా. … సరే, నమ్మకు. నమ్మమని అడగట్లేదు. అబద్ధం చెప్పొద్దు, వాదించొద్దు అంది కదా డాక్టరమ్మ. చెప్పాల్సింది చెప్పాను, అయిపోయింది. ఇంక ఆ సంగతి వదిలెయ్. …

ఎవరు? … తలుపు బయట? … ఆవిడా. … పొద్దున్నుంచీ అక్కడే ఉందా. … ఊఁ.

ఏం చేసిందేంటి ఈసారి? …

నా ఆకుపచ్చ శాలువా కప్పుకుందా. … తీసిమ్మంటే ఇవ్వనందా. … చలేసిందేమో బావా. …

అరిచిందా. ఏమని? … 'నేనే నీ పెళ్ళాన్ని, ఇంకెన్నిసార్లు చెప్పాలి' అనా. … గిన్నె కూడా విసిరిందా? … విసరలేదు. చెయ్యి జారింది. … చూశాను కాబట్టే చెబుతున్నా. … సరే సరే, చూడలేదు. నేను ఊళ్ళోనే లేను. నీ ఇష్టం.

కానీ అరవడం తప్పే. … ఒప్పుకుంటున్నానుగా, తప్పే. అలిసిపోయి ఉంటుంది. … నేనెవరి తరఫునా మాట్లాడట్లేదు. అలిసిపోయిన మనిషి అరుస్తుంది, అంతే.

— అత్తయ్యా, ఉండు, మాట్లాడుతున్నాడు. ఆ టీవీ కాస్త తగ్గించు. —

… ఆ, మన టీవీయే. … మన టీవీ చప్పుడే. ఇంట్లో ఉన్నానని చెప్పాను కదా. … నేనున్నచోట కూడా అదే పెట్టారంటావా. సరే.

బావా, అదంతా తర్వాత. ఇది చెప్పు. పొద్దున మాత్ర వేసుకున్నావా? … తెల్లది. ఫిట్స్ రాకుండా ఇచ్చింది. …

వేసుకోలేదు. …

ఆవిడ చేత్తో ఇస్తే వేసుకోవా. … ఏదో కలుపుతుందని. …

మొన్నొక పూట మానేస్తే ఏమైంది? … నీకు గుర్తుండదు. నాకుంది. స్నానాలగదిలో పడ్డావు. లోపల గడియ. పక్కింటి వడ్రంగి వచ్చి గడియ విరగ్గొట్టేదాకా, నీ కాళ్ళు తలుపుకి కొట్టుకుంటున్న చప్పుడు వింటూ నిలబడ్డాం, నేనూ అత్తయ్యా. … ఆ చప్పుడు నాకిప్పటికీ… సర్లే.

ఇప్పుడూ గడియ వేసుకునే కూర్చున్నావు. మాత్ర లేదు. అందుకే నా భయం. … గడియ తియ్యి. మాత్ర వేసుకో. నేనడిగేది అంతే. ఇంకేం అడగను.

… ఆ చప్పుడేంటి? … జిప్పా? సంచీ ఎందుకు సర్దుతున్నావు? …

నన్ను వెతకడానికా. …

నన్ను వెతకడానికి కెమెరా ఎందుకయ్యా? … అలవాటు. … ఊఁ. మంచి అలవాటే.

ఎక్కడని వెతుకుతావు? … పోలీసుల దగ్గరికి. … నా ఫొటో ఇస్తావు. ఏ ఫొటో? … డిగ్రీ పట్టా వచ్చినరోజు తీసిందా, నల్లగౌనుతో. …

మంచి ఫొటోనే. కానీ ఒకటి ఆలోచించు. ఆవిడ అచ్చు నాలాగే ఉందంటావు. ఆ ఫొటో పట్టుకుని పోలీసులు వెతికితే ఎవరు దొరుకుతారు? … ఆవిణ్ణే పట్టుకొచ్చి, ఇదుగో మీ ఆవిడ అని నీచేత సంతకం పెట్టించుకుని, అప్పజెప్పి పోతారు. …

నవ్వావు. … నవ్వావు, విన్నాను. … ఏమీ లేదు. ఇంకాస్త నవ్వు. విని చాలా రోజులైంది.

ఆ రోజు గుర్తుందా నీకు? … గౌను అద్దెది. భుజాలు జారిపోతుంటే వెనకాల బట్టల క్లిప్పులు పెట్టావు. ముందునుంచి చూస్తే కలెక్టరుని, వెనకనుంచి చూస్తే దండెంమీద ఆరేసిన బట్టని. … ఆ. 'గడ్డం కొంచెం దించు. ఊపిరి బిగపట్టకు.' … మన రెండిళ్ళలో కాలేజీ మెట్టెక్కింది నేనొక్కదాన్నే, అందరికంటే నువ్వే మురిసిపోయావు. నువ్వు పదో తరగతితో ఆపి ఫొటో స్టూడియోలో కూర్చుంటేనే కదా నేను చదివింది. …

ఏంటి? … కనుబొమ్మా? … ఆవిడకి ఎడమ కనుబొమ్మ కాస్త పైకి ఉందా. … ఫొటోలో నాకు లేదు. … పక్కన పెట్టి చూశావా, భూతద్దంతో. …

బావా. నాకూ ఉంది. … పుట్టినప్పట్నుంచీ ఉంది. ఫొటోలో నువ్వే దిద్దావు, సన్న బ్రష్షు పెట్టి. 'ఇప్పుడు సమంగా ఉంది' అన్నావు. … స్టూడియోకి వచ్చినవాళ్ళందరికీ దిద్దినట్టే నాకూ దిద్దావు. … గుర్తులేదా. …

ఆలోచించు. … తొందరేం లేదు. …

… అబ్బ. … అంటే ఆవిడ, నువ్వు దిద్దకముందున్న ఫొటో సంపాదించి, దాన్నిబట్టి తయారైవచ్చిందా. … నీ తెలివి నాకు లేదయ్యా. నిజంగా లేదు.

మొన్న ఆసుపత్రిలోనూ ఇదే చెప్పావు, అంతమంది డాక్టర్ల ముందు. … ఆ, శ్రద్ధగానే విన్నారు. కుర్రడాక్టర్లు పుస్తకాల్లో రాసుకున్నారు కూడా. ఒకడు నవ్వబోతే పెద్ద డాక్టరుగారు చూసిన చూపుకి వాడు కుర్చీలోకి దిగిపోయాడు. … 'నా సర్వీసు మొత్తంలో ఇలాంటివారిని చూడటం ఇదే మొదలు' అన్నారు. … పొంగిపోకు. అది బహుమతి కాదు.

… ఆయన ఇంకో మాటా అన్నారు, నువ్వు బయటికెళ్ళాక. 'ఈయన్ని ముగ్గురు చూశారు, ముగ్గురూ ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు, భార్యని మాత్రం ఎవరూ సరిగ్గా అడగలేదు' అని. … అవును కదా. మొదటాయన కుట్లేసి, మామూలైపోతాడులే అని పంపేశాడు. రెండో ఆయన మనసు బాగాలేదని నిద్రమాత్రలు రాశాడు. ఇంకొకాయన నన్ను పక్కకి పిలిచి, 'ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయామ్మా' అన్నాడు. … నువ్వు స్టూడియో బోర్డు బిగించబోయి నిచ్చెన మీంచి పడి తలకి దెబ్బ తగిలితే, గొడవలు నాతోనట.

… ఆ, అసలు సంగతి డాక్టరమ్మే కనిపెట్టింది. … ఎలాగో నువ్వే చెప్పు. …

ఊఁ. … నేను కింద మందులషాపులోంచి చేశాను, ఫలానా మాత్ర లేదంటున్నారు, వేరేది తీసుకోనా అని అడగడానికి. నీ ఫోన్ మోగింది. ఎత్తి భోరుమన్నావు. 'ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే' అని. డాక్టరమ్మ నీ మంచం పక్కనే నిలబడి ఉంది. … నేను మెట్లెక్కి వచ్చేసరికి, ఎదురొచ్చి మరీ చెప్పావు, 'మా ఆవిడ ఫోన్ చేసిందమ్మా' అని. … నాకే చెప్పావు. … సరే, ఆవిడకే. ఆవిడకే చెప్పావు.

మరి డాక్టరమ్మ ఏమంది? … మొహం గుర్తుపట్టే దారి బాగానే ఉంది. … ఆ. 'ఈ మనిషి నా మనిషి' అని లోపల ఒకటి కదులుతుందే, అక్కడికి వెళ్ళే దారి తెగింది. … చెవినుంచి వెళ్ళే దారి తెగలేదు. … పాఠం అప్పజెప్పినట్టు చెప్పావు బావా. నూటికి నూరు. …

… ఔను. ఇంకెవరికో అయ్యుంటుంది. నీక్కాదు. …

ఇది విను. మొన్న డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఒకామెని కొడుకు అమ్మ కాదంటున్నాడట. బండిమీంచి పడ్డాక. … అచ్చం అలాగే. చాలా చోట్ల తిప్పారట. ఇప్పుడు డాక్టరమ్మ తలకి దెబ్బ తగిలినవాళ్ళ ఇంట్లోవాళ్ళని అడుగుతోందట, ఫోన్‌లో ఎలా మాట్లాడతారు అని. … ఆ, నిన్ను చూశాకే. వాళ్ళమ్మని పక్కగదిలో కూర్చోబెట్టి ఫోన్ చేయించింది. … 'అమ్మా' అన్నాడట. …

నీ వల్లే. … నీ వల్లే మరి. … అది మాత్రం గొప్పే. ఒప్పుకుంటున్నా.

… వద్దు. వీడియో కాల్ వద్దు. … పోయినసారి ఏమైంది? … 'ఆవిడ ఫోన్‌లోకి కూడా దూరింది' అని విసిరికొట్టావు. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది ఆ పగిలిన ఫోనే. … వద్దు బావా. నాకు అంత ఓపిక లేదు.

అత్తయ్యనడిగావా? … 'నా కోడలేరా' అందా. … అత్తయ్యకి శుక్లాలు కాబట్టి మోసపోయిందా. … ఊఁ. నా మేనత్తకి కళ్ళు లేవు, నీకు మాత్రం ఉన్నాయి. …

… ఏం లేదు. …

అలసటగా ఉంది. … పని వల్ల కాదు. పని ఎప్పుడూ ఉంది.

ఏంటంటే… నువ్వు ఫోన్‌లో ఎంత బాగా మాట్లాడతావో తెలుసా? పెళ్ళైనప్పట్నుంచీ ఇన్ని కబుర్లు ఎప్పుడు చెప్పావు? బుల్లీ అంటావు. నవ్వుతావు. తలుపు తీయగానే 'మీరెవరమ్మా' అంటావు. … నన్ను కాదులే. ఆవిణ్ణి. …

… అలాగా. … గడియ తియ్యకుండా ఇలాగే మాట్లాడుకుందామా. … రాత్రంతా. … రేపు కూడా. …

…

వద్దు. … ఆశ పెట్టకు బావా, నేను ఒప్పేసుకుంటాను. … నాకు మాత్రం బాగోదా? ఈ ఫోన్ పెట్టేస్తే మళ్ళీ నేను ఈ ఇంట్లో ఎవర్నీ కాదు. …

కానీ మాత్ర ఫోన్‌లో ఇవ్వలేను. … ఇవ్వగలిగితే ఇచ్చేదాన్ని. … ఆ ఇచ్చేది ఆవిడే.

అడుగుతాను, నిజం చెప్పు. ఆవిడ చెడ్డదా? … వంట బాగా చేస్తుందా. … నాకంటేనా? … థాంక్సు. …

నీ దుప్పటి ఉతుకుతుందా. … రాత్రుళ్ళు అడుగుల చప్పుడు కాకుండా వచ్చి ఫ్యాన్ తగ్గిస్తుందా. … మెలకువగానే ఉంటావా నువ్వు? … మరి ఎప్పుడూ చెప్పలేదే. … ఆవిడకి చెప్పలేదే అంటున్నా.

… వంటింట్లో ఏడుస్తుందా. … కొళాయి తిప్పుకుని. … నువ్వు చూశావా? …

… లేదు, లైన్లోనే ఉన్నా. … ఎవరూ చూడట్లేదనుకుంటుంది కదా పాపం, అందుకని.

జాలేస్తుందా. … మరి ఎప్పుడైనా తిన్నావా అని అడిగావా? … పరాయివాళ్ళనైనా అడుగుతాం కదా. … నా కోసం కాదు. నేననుకోకు. ఎవరో ఒకావిడ, మనింట్లో చేస్తోంది, అనుకో. …

సరే. ఇలా చేద్దాం. ఆవిడ మాత్ర చేత్తో ఇవ్వదు. అట్ట అట్టే తెచ్చి గడప దగ్గర పెడుతుంది. నువ్వే చింపుకో. … సీలు చూసుకో. … ఎక్స్‌పైరీ కూడా చూసుకో, చదువుకున్నవాడివి. … నీళ్ళు? కొళాయి కింద నువ్వే పట్టుకో పోనీ. …

లే మరి. … గబుక్కున లేవకు, కళ్ళు తిరుగుతాయి. మంచం కోడు పట్టుకో. … పట్టుకున్నావా? … ఆ.

తలుపు తీశాక మొహం చూడకు. చేతులు చూడు. చేతుల్లో ఏమీ ఉండదు, చూసుకో. … కనుబొమ్మ జోలికి పోకు.

నేను ఫోన్ పెట్టేస్తాను. … పెట్టాలి. నేను మాట్లాడుతుంటే ఆవిడ పెదాలు కదులుతాయి. అది నువ్వు చూస్తే రేపు నా ఫోన్ కూడా ఎత్తవు. … నాకు మిగిలింది ఈ ఒక్కటే బావా. …

రేపు చేస్తాను. … ఒట్టు. ఏ రోజు చెయ్యలేదు చెప్పు? …

… నాక్కూడా. … ఊఁ. నాక్కూడా.

గడియ దగ్గరికి వచ్చావా? … విన్నాను. … తియ్యి. … ఉంటాను బావా. పెట్టేస్తున్నా.

…

…

ఇదుగోనండీ, అట్ట ఇక్కడే పెట్టాను. సీలు చూసుకోండి. …

వేసుకున్నారా. … మంచిదండీ. …

… నన్నా? …

లేదండీ. ఇంకా తినలేదు.