ఒక గడి కిందికి

అది కాదు మాస్టారూ, ఆ స్వరం పైనా కిందా అని నేను గుమ్మంలోంచి అడిగితే, తలెత్తకుండానే రెండూ ఒప్పేనని మీరు తేలిగ్గా అనేస్తే ఎలా? రెండూ ఒప్పే అయితే మా ఇంట్లో ఆ గొడవ దేనికొచ్చినట్టు? తీగలు తర్వాత బిగించుకుందురుగాని, కాస్త ఇటు తిరగండి.

ఆఁ, నేనే. పిచ్చుక వాళ్ల అమ్మమ్మని. పిల్ల రాలేదు, నేనొచ్చాను. మీ దగ్గర దానికి ఏ పేరుందోగాని ఇంట్లో పిచ్చుకే. గిటారు వీపుకి తగిలించుకుని మీ మెట్లెక్కుతుంటే, గిటారే దాన్ని ఎత్తుకెళ్తున్నట్టుంటుంది. నవ్వకండి, మీరూ చూశారుగా!

రాదు. ఈ పూట అనే కాదు, అసలు ఇక రానంటోంది. శనివారం మీ పిల్లలందరూ వాయించే కార్యక్రమం ఉందిగా, దానికీ రాదట. గిటారుని సంచిలో పెట్టి, జిప్పు లాగేసి, బీరువా వెనక్కి తోసేసింది. బతిమాలాను. విసుక్కున్నాను. వినదే!

ఎవరి వల్ల అంటారా? మీ ఆరో స్వరం వల్ల. అవునండీ, అక్కడే మొదలైంది ఇదంతా.

కూర్చుంటాలెండి. మోకాళ్లు నాకంటే ముందే కూర్చునేట్టున్నాయి.

మా అమ్మాయి రాగం కదా అది. మాటలున్న పాట కాదు. కుట్టుమిషను ముందు కూర్చుంటే చాలు, దాని నోటివెంట వచ్చేసేది. మా ఇద్దరిదీ ఒకటే కొట్టు. నేను కత్తిరించేదాన్ని, అది కుట్టేది. కాలితో తొక్కే మిషను. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఆ ఊపులోంచే పుట్టింది. "ఎక్కడ నేర్చావే ఇది?" అంటే, "మిషను పాడుతోందమ్మా, నేను ఊరికే నోరు తెరుస్తున్నా" అనేది.

అది పోయాక ఆ రాగం నా చెవిలో మిగిలింది. అల్లుడి చెవిలో మిగిలింది. పిచ్చుక అప్పటికి మరీ చిన్నది, దానికి సగమే గుర్తు.

ఫోన్లోనా? ఉంది, ఉన్నా లేనట్టే. గుండీలమ్మే ఆయనకి పంపిన మాటలు కొన్ని ఉన్నాయి. "తెల్ల గుండీలు అయిపోయాయి, పంపించండి" అని చెప్పి, ఫోను ఆపడం మర్చిపోయి రాగం అందుకుంది. అంతా వినిపిస్తుంది. సరిగ్గా ఆ ఆరో స్వరం చోటుకి వచ్చేసరికి మిషను తొక్కింది. టకటకటకటక! గొంతు అందులో మునిగిపోయింది. మళ్లీ తేలేసరికి ఆ చోటు దాటిపోయింది. ఎంత దగ్గర పెట్టుకుని విన్నా టకటకే.

అందుకని నేనూ పిచ్చుకా కూర్చుని వెతికాం. మధ్యాహ్నాలు, కొట్లో, కత్తిరింపుల బల్ల మీద. అది ఒక్కో తీగా మీటడం, "అమ్మమ్మా, ఇదా?" నేను "కాదు" అనడం. "ఇదా?" "ఆఁ, దాని పక్కింట్లో ఉంది." అలా. అంతా దొరికింది, ఆ ఒక్క చోటు తప్ప. అక్కడికొచ్చేసరికి పిల్ల కిందికి దిగిపోయేది. "అక్కడ మీ అమ్మ దిగదే, అక్కడ గడ్డం పైకెత్తుతుంది" అన్నాను. గిటారు మెడ మీద వేలు ఒక్క గడి పైకి జరిపింది.

అమ్మో! ఏం చెప్పను. మిషను, పక్కన గుడ్డపేలికల బుట్ట, మా అమ్మాయి మెడ వెనక అంటుకున్న దారపు పోగు, అన్నీ వచ్చి కూర్చున్నాయి. అదే. అదే స్వరం!

మీ క్లాసులో అది వాయిస్తే మీరు ముందు తప్పన్నారట. "మైనర్లో మొదలుపెట్టావు, ఆరోది ఒక గడి కిందే ఉండాలి" అని. మళ్లీ మీరే గిటారు ఒళ్లోకి తీసుకుని, వాయించి చూసుకుని, "ఆగాగు, తప్పు కాదు, ఇది డోరియన్" అన్నారట. ఇంటికొచ్చి చెబితే "ఎవరే ఆ డోరియను, కొత్త డాక్టరా?" అన్నాను. పడీపడీ నవ్వింది. వాళ్లమ్మ పోయాక అది పొట్ట పట్టుకుని నవ్వడం అదే మొదలు మాస్టారూ. అందుకు మీకు దణ్ణం పెట్టాలి. పెట్టలేదనుకోండి, కోపంలో ఉన్నాగా.

నాకు అర్థం కాదనుకోకండి. పిల్ల నేర్పింది. డి దగ్గర బయల్దేరాలి. డి, ఇ, ఎఫ్, జి, ఎ. అక్కడిదాకా మైనరే, ముఖం ముడుచుకునే ఉంటుంది. ఆరోది బి. మామూలు మైనర్లో అయితే అది ఒక గడి కిందికి దిగి కూర్చుంటుంది. డోరియన్లో దిగదు. నిలబడుతుంది. ఆ తర్వాత సి, మళ్లీ డి, ఇల్లు చేరిపోయాం. అంతేగా? పియానో మీదైతే నల్లమెట్ల జోలికి పోకుండానే అంతా నడిచెయ్యొచ్చట. చూశారా!

నాకు విడ్డూరమనిపించింది ఇంకోటి. ఆ ఒక్క స్వరం మారితే, దాని కింద నాలుగు తీగలు కలిపి మీటే కార్డు కూడా మారిపోతుందట. ఆరోది కింద ఉంటే జి కూడా మైనరే, ఏడుపు ముఖమే. ఆరోది పైన ఉంటే జి మేజర్ అయిపోతుంది, కిటికీ తీసినట్టు. డి మైనర్, జి. డి మైనర్, జి. మళ్లీ మళ్లీ అవే రెండు. అచ్చం మా మిషను తొక్కినట్టే!

ఏదీ, వాయించండి ఒకసారి. ఆ డి మైనరూ, ఆ జీ కూడా.

...ఊఁ.

ఇది ఎలా ఉంటుందో చెప్పనా మాస్టారూ? ముదురు రంగు గౌనుకి లోపల లేత రంగు లైనింగు వేసినట్టుంటుంది. నిలబడితే తెలీదు. నడిచినప్పుడు అంచు కాస్త తొలిగి, చటుక్కున కనపడుతుంది. మా అమ్మాయికి అలా వెయ్యడం ఇష్టం. "లోపల ఎవరు చూస్తారే?" అంటే, "వేసుకున్నవాళ్లకి తెలుస్తుందిగా" అనేది.

వద్దు వద్దు! కిందిది వాయించకండి. ఆ రెండోది నాకు వద్దు. చెయ్యి తియ్యండి.

సరే, గొడవ సంగతి. మొన్న సాయంత్రం పిచ్చుక ఇంట్లో వాయించుకుంటోంది. అల్లుడు పనిలోంచి వచ్చాడు. వెల్డింగు పని, తెలుసుగా మీకు, కళ్లు ఎర్రగా, ఒంటినిండా నుసి. అసలే మాట తక్కువ మనిషి. ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయాడు.

"అది మీ అమ్మ పాట కాదు" అన్నాడు.

పిల్ల ఆపేసింది. "ఏది కాదు నాన్నా?"

"అక్కడ. అక్కడ కిందికి దిగుతుంది."

"దిగదు" అన్నాను నేను, లోపల్నించి.

"దిగుతుంది అత్తయ్యా. నేను విన్నాను."

"నేను వినలేదా మరి? పొద్దున్నించి సాయంత్రందాకా దాని పక్కన కూర్చున్నదాన్ని! నిప్పురవ్వల మధ్య పనిచేసి నీ చెవులు పాడయ్యాయి" అన్నాను. అనకూడదు, తెలుసు. నోరు ఊరుకుంటుందా?

అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "బస్సులో పాడేది. కిటికీకి తల ఆనించి. నా పక్కనే కదా. అక్కడ దిగుతుంది" అన్నాడు.

"ఏ బస్సులో?" అన్నాను.

అంతే. చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు, ఒక కాలికి బూటుతోనే. ఎంతకీ నీళ్ల చప్పుడు ఆగదు.

పిల్ల నా ముఖం చూసింది, తలుపు కేసి చూసింది. నన్ను నమ్మితే వాళ్ల నాన్న అబద్ధం. నాన్నని నమ్మితే నేను అబద్ధం. ఏం చేస్తుంది చెప్పండి? జిప్పు లాగేసింది.

అందుకే వచ్చాను. మీరొక్క మాట అనండి చాలు. "ఆవిడ చెప్పిందే సరి, ఇది డోరియనే, ఇలాగే ఉండాలి" అని. మీరు మాస్టారు, మీ మాటంటే మా అల్లుడికి గురి. మీరు రెండూ ఒప్పేనంటే ఎవరికి లాభం? పిల్ల శనివారం అందరి ముందు లేచి "ఇది మా అమ్మ పాట" అని చెప్పి ఏది వాయించాలి?

ఏమిటలా చూస్తారు?

ఏ బస్సు అనా? మీరూ అదే పట్టుకున్నారా!

...ఏ బస్సో నాకు తెలీకేం. మొన్న తెలీలేదు. నిన్న తెలిసింది.

మా కొట్లో ఒక సొరుగుంది మాస్టారూ, దారాలది. చివరి ఏడాది మొగుడూ పెళ్లాలిద్దరూ ఉన్నట్టుండి బయల్దేరేవాళ్లు. "దారాలకి వెళ్తున్నామమ్మా" అనేది. సాయంత్రానికి వచ్చేవాళ్లు, నిజంగానే దారాలు పట్టుకుని. నేనేమో తిట్టేదాన్ని. "ఈ ఊదారంగు ఎవరడిగారే? ఈ నారింజ దేనికి? అమ్ముడుపోని రంగులన్నీ మోసుకొస్తావేం?" అని. "ఉంటాయిలేమ్మా, ఎక్కడికి పోతాయి" అని నవ్వేది. నవ్వి, మంచినీళ్లు తాగి, మిషను ముందు కూర్చునేది. రాగం అందుకునేది. ఆ చోటుకి రాగానే, అదుగో, గడ్డం పైకి.

ఆసుపత్రికి వెళ్లేవాళ్లు. ఆ తర్వాత తెలిసింది. అందరికీ చెప్పాక చివర నాకు చెప్పింది, మంచం దిగలేని రోజున. మాత్రల అట్టలు కూడా ఇంటికి తెచ్చేది కాదట. పేర్లు నేను చదివేస్తానని. నాకు అక్షరాలు నేర్పింది అదే, తెలుసా మీకు? ఇంత వయసొచ్చాక, గుడ్డముక్క మీద టైలరు సుద్దతో దిద్దించింది. తప్పు రాస్తే చేత్తో దులిపేసేది, మళ్లీ రాయమనేది. తను నేర్పిన చదువుకి తనే భయపడి దాక్కుంది, పిచ్చిది.

నిన్న వెళ్లి ఆ సొరుగు లాగాను. కాగితం విప్పని ఉండలు. ఊదా, నారింజ, ఒక వెర్రి ఆకుపచ్చ. ఎన్నిసార్లు వెళ్లారో అన్ని. లెక్కపెడదామని ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పెట్టలేదు. సొరుగు మూసేశాను.

ఆ బస్సు మాస్టారూ. ఆసుపత్రినించి దారాల కొట్టుకి వచ్చే బస్సు.

అదే రాగం. అదే మనిషి. బస్సులో ఒక గడి కిందికి, నా పక్కన ఒక గడి పైకి.

మీరు రెండూ ఒప్పేనన్నప్పుడు నాకెందుకంత మండిందో ఇప్పుడు అడగండి. మీకు సంగీతం తెలుసుగనక ఒప్పేనన్నారు. నాకూ తెలుసు. తెలిసే వచ్చాను. మెట్లెక్కుతూ కూడా తెలుసు. అయినా మీ చేత అల్లుడిది తప్పనిపిద్దామని వచ్చాను.

అతని మీద కోపం కాదండీ. అసూయ. ఇదుగో, అనేశాను. ఎర్రకళ్లతో, నుసి భుజంతో ఉండే ఆ మనిషి పక్కన కూర్చుని అది ఏడవగలిగింది. నా పక్కన ఏడవలేకపోయింది. నేనేదో నా కూతురి పాట మొత్తం నా దగ్గరే ఉందని, చెవిలో మూటగట్టుకుని తిరుగుతున్నాను. నా దగ్గరున్నది లైనింగేనా? నాకు కనబడాలని వేసిన లైనింగు!

లేదు లేదు, నీళ్లొద్దు. బాగానే ఉన్నాను.

పిల్లతో నేనే చెబుతాను. మీ నాన్న విన్నదీ నిజమే, నేను విన్నదీ నిజమే అని. సొరుగు తీసి చూపిస్తాను. ఇక ఏ వేలు ఎక్కడ పెట్టుకుంటుందో దాని ఇష్టం, వాళ్లమ్మ కదా. జిప్పు తీస్తుందో తియ్యదో. తీస్తే మీ పుణ్యం, తియ్యకపోతే మా ఖర్మ. అల్లుడికి కూడా ఒక మాట చెప్పాలి, చెవుల సంగతి. ఎలా చెప్పాలో ఏమో.

మీ పిల్లలు వచ్చేస్తున్నట్టున్నారు, మెట్ల మీద చప్పుడవుతోంది. వెళ్లిపోతాను.

వెళ్లేముందు ఒక్కటి. ఇందాక వద్దన్నానే, ఆ రెండోది, అది వాయించండి. కార్డు కూడా మార్చండి, జి మైనర్ పెట్టండి, నాకు తెలుసు. నా ముఖం చూడకండి, మీ వేళ్లు చూసుకోండి.

నా ముందు అది ఇలా ఒక్కసారి కూడా పాడలేదు మాస్టారూ. కానివ్వండి. వింటున్నాను.