సర్దిన తీగలు

నెలల తరబడి ఆమె ఒక్కతే కూర్చి బిగించుకున్న గాజు వాల్వుల ఆంప్లిఫైయర్, నిన్నటిదాకా నిక్షేపంగా పాడింది, ఇవాళ పాటను మింగేసేలా గుయ్యిమంది. ప్లగ్గు పీకి, అడుగు మూత విప్పి చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. భర్తను నిలదీసింది.

"దీన్ని ముట్టుకున్నది మీరేనా?"

"నేనే. తీగలు చిక్కుపడి ఉంటే విడదీసి, కొసలు మళ్ళీ అతికి, అన్నీ కలిపి కట్టగట్టాను. ఎంత ముచ్చటగా ఉందో చూడు!"

"అది చిక్కు కాదండీ, పురి! నేనే మెలేశాను. వాల్వుల్ని వెలిగించే తీగలు రెండూ పెనవేసుకుని ఉంటేనే వాటి మోత అణుగుతుంది. మీరు పురి విప్పేసి, పోయి పోయి పాటొచ్చే తీగకే కట్టారు!"

"మంచికేగా చేశాను. ఇంత మాత్రానికే..."

"మీరెప్పుడూ మంచికే చేస్తారు! నా అల్మరా మంచికే సర్దారు, నా వస్తువు నాకు దొరకదు. నా ఉద్యోగం దరఖాస్తు మంచికే దిద్దారు, చదివితే అందులో నేనే లేను. నలుగురిలో నోరు తెరిస్తే నా మాట కూడా మీరే పూర్తి చేస్తారు!"

"దానికీ దీనికీ ఏంటే సంబంధం?"

ఆమె కత్తెర అందుకుంది. కట్లన్నీ కత్తిరించి, తీగలు మళ్ళీ మెలేసి, అతికి, మూత బిగించి స్విచ్చి వేసింది. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. స్పీకరు కిక్కురుమనలేదు.

"అదేంటి, చప్పుడే లేదు? చెడగొట్టావా?"

"బాగుచేశాను. నేను పాట పెట్టేదాకా ఇక అది నోరెత్తదు."

"అయితే ఆ పక్కనున్న తీగ కాస్త..."

"ఆ స్పీకర్ని చూసి నేర్చుకోండి!"